ఆర్సీ ప్యాకులకు ఛార్జర్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

రిమోట్‌తో నడిచే (ఆర్సీ) కార్లు, విమానాలు, డ్రోన్ల బ్యాటరీ ప్యాకులకు వాడే ఛార్జర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో "6 ఆంప్స్, 1 నుంచి 6 సెల్స్" అని ఉంటుంది. రెండు మాటలూ నిజమే, కాకపోతే రెండూ ఒకేసారి నిజం కావు. 50 వాట్ల ఛార్జర్‌కు 6ఎస్ (ఆరు సెల్స్) ప్యాక్ తగిలిస్తే, 25 వోల్టుల దగ్గర అది ఇవ్వగలిగింది 2 ఆంప్సే. 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్) సామర్థ్యమున్న ప్యాక్ నిండేసరికి రెండు గంటలు దాటిపోతుంది. అదే ఛార్జర్ 2ఎస్ కారు ప్యాక్‌కు మాత్రం దర్జాగా 5 ఆంప్స్ ఇస్తుంది. అందుకని ముందు మీ దగ్గరున్న ప్యాకులన్నీ టేబుల్ మీద పరిచి లేబుళ్లు చదవండి. ఛార్జర్ల జోలికి ఆ తర్వాత వెళ్దాం.

1. లేబుల్ ఏం చెబుతోంది

లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ మీద మామూలుగా ఇలా ఉంటుంది: 3ఎస్, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, 30సీ. 3ఎస్ అంటే మూడు సెల్స్‌ను ఒకదాని వెనక ఒకటి కలిపారని. లైపో సెల్ సగటు వోల్టేజి 3.7, నిండితే 4.20. ఆ లెక్కన 3ఎస్ ప్యాక్ నిండితే 12.6 వోల్టులు, 4ఎస్ అయితే 16.8, 6ఎస్ అయితే 25.2. ఛార్జర్ లెక్కలన్నీ ఈ నిండిన వోల్టేజితోనే వేయాలి.

30సీ అన్నది ప్యాక్ మోటార్‌కు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. ఛార్జింగ్‌కూ అదే అనుకున్నారంటే ప్యాక్‌కు నూకలు చెల్లినట్టే. ఛార్జింగ్ రేటు వెనకవైపు చిన్న అక్షరాల్లో "మాక్స్ ఛార్జ్ 2సీ" అనో "5సీ" అనో విడిగా ఉంటుంది. ఎక్కడా లేకపోతే 1సీ అనే అనుకోండి. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగిస్తే వచ్చే ఆంప్సే 1సీ: 2200కి 2.2, 5000కి 5, 450కి 0.45. 5సీ అని రాసి ఉన్నా రోజువారీ ఛార్జింగ్ 1సీ దగ్గరే చేస్తే ప్యాక్ ఎక్కువ కాలం వస్తుంది. మైదానంలో తొందరగా కావాలంటే 2సీ వరకు వెళ్లొచ్చు. అంతకు మించి వెళ్లడానికి రేసు లాంటి గట్టి కారణం ఉండాలి.

తర్వాత చూడాల్సింది ప్యాక్ రకం. లైపో ఒక్కటే ఉంటే ఏ లైపో ఛార్జరైనా సరిపోతుంది. మిగతా రకాలు కూడా ఉంటే, వాటికి విడివిడి మోడ్‌లు ఉన్నాయో లేదో కొనే ముందే చూసుకోవాలి.

- లైహెచ్‌వీ (ఎక్కువ వోల్టేజి లైపో): సెల్ 4.35 వోల్టుల వరకు నిండుతుంది. అరచేతిలో పట్టే హూప్ డ్రోన్ల ప్యాకులు ఎక్కువగా ఇవే. పొరపాటున 4.20 దగ్గరే ఆపేస్తే కాసేపు తక్కువ ఎగురుతుంది, అంతే. మామూలు లైపోను 4.35కి తీసుకెళ్తే మాత్రం ప్యాక్ ఉబ్బుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. చిన్న 1ఎస్ ఛార్జర్ల పక్కన 4.20, 4.35 అని ఒక బుల్లి స్విచ్ ఉంటుంది. ప్రతిసారీ దాన్ని చూసుకున్నాకే ప్యాక్ పెట్టండి.
- లైఫె (లిథియం ఐరన్ ఫాస్ఫేట్): సగటు 3.2 నుంచి 3.3, నిండితే 3.6 చుట్టూ. విమానాల్లో రిసీవర్ ప్యాకులుగా వాడతారు. 2ఎస్ లైఫెను లైపో మోడ్‌లో పెడితే 7.2 దగ్గర ఆగాల్సింది 8.4 దాకా పోతుంది.
- 18650, 21700 లిథియం అయాన్ సెల్స్: ఇవీ 4.20 దగ్గరే నిండుతాయి, కానీ నెమ్మదిగా తాగుతాయి. 0.5సీ మంచిది.
- నికెల్ మెటల్ హైడ్రైడ్: కొత్త కారుతోపాటు వచ్చే 7.2 వోల్టుల ఆరు సెల్స్ ప్యాక్ ఇదే. నిండినప్పుడు దీని వోల్టేజి పైకి వెళ్లి కొద్దిగా కిందకి జారుతుంది. సెల్‌కు 3 నుంచి 5 మిల్లీవోల్టుల ఆ జారుడును పసిగట్టి ఛార్జర్ ఆగిపోవాలి. 0.2సీ లాంటి తక్కువ కరెంటు పెడితే ఆ జారుడు కనిపించదు, ఛార్జర్ ఆగదు, ప్యాక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. 0.5సీ నుంచి 1సీ మధ్య పెట్టండి.

2. వాట్లు లెక్కగట్టడం

సూత్రం ఒకటే: సెల్స్ సంఖ్య × 4.2 × ఆంప్స్. 1సీ దగ్గర కొన్ని మామూలు ప్యాకులకు ఇలా వస్తుంది.

- 4ఎస్ 1500 ఎంఏహెచ్: 25 వాట్లు
- 3ఎస్ 2200 ఎంఏహెచ్: 28 వాట్లు
- 2ఎస్ 5000 ఎంఏహెచ్: 42 వాట్లు
- 4ఎస్ 5000 ఎంఏహెచ్: 84 వాట్లు
- 6ఎస్ 5000 ఎంఏహెచ్: 126 వాట్లు

మీ పెట్టెలో ఎక్కువ వాట్లు అడిగే ప్యాక్ ఏదో చూసి, దానికి ఇంకో 20 శాతం కలపండి. ఎప్పుడూ చివరి అంచున నడిచే ఛార్జర్ ఫ్యాను హోరెత్తిస్తూ వేడెక్కుతుంది. మే నెలలో గదిలోనే 38 డిగ్రీలున్నప్పుడు కొన్ని తమంతట తామే కరెంటు తగ్గించుకుంటాయి.

ట్రైనర్ విమానం, 2ఎస్ కారు, చిన్న డ్రోన్ వరకే మీ సరదా అయితే 80 నుంచి 100 వాట్లు బోలెడు. 6ఎస్ 5000 ఒకటి ఉన్నా 150కి తగ్గొద్దు, 200 ఉంటే నిశ్చింత. కారుతోపాటు ఉచితంగా వచ్చే బీ3 రకం మూడు లైట్ల ఛార్జర్ సంగతి: అది బ్యాలెన్స్ లీడ్ గుండానే సెల్‌కు 0.8 ఆంప్ చొప్పున ఎక్కిస్తుంది. 2ఎస్ 5000 ప్యాక్‌కు ఆరు గంటల పైనే పట్టేస్తుంది, వోల్టేజి చూపించే తెర కూడా ఉండదు. ప్యాక్‌కేమీ హాని లేదు, విసుగే.

3. ఆ వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఈ మెట్టు దగ్గరే. పెట్టె మీద 300 వాట్లని ఉంటుంది, ఇంటికొచ్చాక 100 దాటదు.

ఏసీ ఛార్జర్ అంటే గోడ ప్లగ్గుకు నేరుగా తగిలించేది. మన 230 వోల్టుల దగ్గర ఇంటి వైరింగ్‌కు ఇదేం భారం కాదు, 200 వాట్ల ఛార్జర్ లాక్కునేది ఒక ఆంప్ చుట్టూనే. పరిమితి ఛార్జర్ లోపల ఇమిడి ఉన్న చిన్న పవర్ సప్లయ్‌ది. ఏసీ, డీసీ రెండూ తీసుకునే ఛార్జర్లకు రెండు వేర్వేరు అంకెలుంటాయి. ఉదాహరణకు హోటా డీ6 ప్రో గోడ ప్లగ్గు మీద రెండు చానెళ్లకూ (ఒక్కోదానికి ఒక ప్యాక్) కలిపి 200 వాట్లే ఇస్తుంది, బయటి డీసీ సప్లయ్ మీద ఒక్కో చానెల్‌కు 325 ఇస్తుంది. ప్రకటనలో కనిపించేది పెద్ద అంకె. మీరు వాడబోయేది ఏదో ఆ అంకె చూడండి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకుంటుంటే వెనక లేబుల్ మీద 100–240 వోల్టులని ఉందా, 110–120 అనే ఉందా అని ఫొటో పంపమని అడగండి. రెండోది ఇక్కడ ప్లగ్గులో పెట్టిన క్షణమే పొగ.

డీసీ ఛార్జర్ చిన్నది, చవక, బలమైనది. కాకపోతే దానికి తిండి మీరే పెట్టాలి. ఛార్జర్ తీసుకున్న దాంట్లో సుమారు 85 శాతాన్నే ప్యాక్‌కు ఇస్తుందనుకుని లెక్క వేయండి. 126 వాట్లు ప్యాక్‌లోకి వెళ్లాలంటే లోపలికి 148 వాట్లు కావాలి: 12 వోల్టుల దగ్గర 12.3 ఆంప్స్, 24 వోల్టుల దగ్గర అందులో సగం. ఛార్జర్ మాన్యువల్‌లో "గరిష్ఠ ఇన్‌పుట్ కరెంట్" అనే వరస తప్పక చూడండి. అది 10 ఆంప్స్ అయితే 12 వోల్టుల సప్లయ్ మీద 120 వాట్లే లోపలికి వస్తాయి, పెట్టె మీద ఏం రాసినా సరే. చిన్న డీసీ ఛార్జర్ల మీద రాసే పెద్ద వాట్లు సాధారణంగా 24 వోల్టులకు దగ్గరి ఇన్‌పుట్ ఇచ్చినప్పటివి.

సప్లయ్ దొరికే దారులు మూడు. పాత లాప్‌టాప్ అడాప్టర్ (19.5 వోల్టులు, 4.62 ఆంప్స్) అంటే 90 వాట్లు, ప్యాక్‌కు చేరేది 76. మెనూలో ఇన్‌పుట్ పరిమితి 4 ఆంప్స్ అని పెట్టుకుంటే అడాప్టర్ మాటిమాటికీ ట్రిప్ కాదు. ఎలక్ట్రికల్ షాపుల్లో ఎల్‌ఈడీ లైట్ల కోసం అమ్మే జాలీ డబ్బా ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగా మార్చే పవర్ సప్లయ్) రెండోది. 24 వోల్టులు, 15 ఆంప్స్ ఉన్నది తీసుకుంటే 360 వాట్లు. దాని స్క్రూ టెర్మినళ్ల మీద 230 వోల్టులు బాహాటంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ మూత వేసి, మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్త్ కలిపాకే వాడాలి. పిల్లలు తిరిగే ఇల్లయితే దీని జోలికే వెళ్లకండి, ఏసీ ఛార్జర్ కొనండి. మూడోది కారు బ్యాటరీ, మైదానం కోసం. 45 ఏహెచ్ బ్యాటరీలో మూడో వంతు మాత్రమే తీసుకుంటే 180 వాట్ అవర్ల దాకా వస్తుంది. 3ఎస్ 2200 ప్యాక్ ఒకసారి నింపడానికి 20 పైచిలుకు, నష్టాలతో 24. అంటే ఏడు ప్యాకులు. ఇంకా గుంజితే తిరుగు ప్రయాణంలో కారు తొయ్యాల్సి వస్తుంది. ఛార్జర్‌లో ఇన్‌పుట్ కటాఫ్ 11.8 వోల్టుల దగ్గర పెట్టండి.

4. బ్యాలెన్స్ కరెంటు

లైపోకు లావు వైర్లతో పాటు తెల్లటి బ్యాలెన్స్ ప్లగ్ ఉంటుంది. సెల్స్ కంటే ఒక వైరు ఎక్కువ: 3ఎస్‌కు నాలుగు, 6ఎస్‌కు ఏడు. ఛార్జర్ దీని ద్వారా ఒక్కో సెల్‌ను విడిగా చూస్తూ, ముందుగా నిండుతున్న దాని నుంచి కొంచెం కరెంటు పక్కకి తోడేస్తుంది. ఎంత తోడగలదన్నదే బ్యాలెన్స్ కరెంటు.

బీ6 అనే పాత మోడల్ తరం ఛార్జర్లలో ఇది సెల్‌కు 0.3 ఆంప్. కొత్తవాటిలో 1 ఆంప్, అంతకు మించి కూడా ఉంటుంది. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌లో ఒక సెల్ 3 శాతం ముందుందనుకోండి, అంటే 150 ఎంఏహెచ్. 0.3 ఆంప్‌తో తోడడానికి అరగంట, 1 ఆంప్‌తో తొమ్మిది నిమిషాలు. చాలాసేపు 99 శాతం దగ్గర వేలాడే ఛార్జర్ల రహస్యం ఇదే. 2200 వరకు ప్యాకులకు 0.3 సరిపోతుంది. 5000 దాటితే కనీసం 0.8 చూడండి.

5. ఖాళీ చేయడం, నిల్వ ఛార్జ్

లైపోను నిండుగా వారాల తరబడి ఉంచితే ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఇంకా త్వరగా. ఎగరేయకుండా రెండు మూడు రోజులు దాటేలా ఉంటే సెల్‌కు 3.80 నుంచి 3.85 దగ్గర పెట్టాలి. దాదాపు అన్ని ఛార్జర్లలో "స్టోరేజ్" మోడ్ ఉంటుంది. దాని డిశ్చార్జ్ వాట్లు ఎన్నో ఎవరూ అడగరు. బీ6లో అది 5 వాట్లు. వర్షం వచ్చి నిండు 6ఎస్ 5000 ప్యాక్ ఎగరేయకుండా ఇంటికి తెచ్చారనుకోండి. తీయాల్సింది సుమారు 2400 ఎంఏహెచ్, 24 వోల్టుల దగ్గర 58 వాట్ అవర్లు. 5 వాట్లతో పదకొండు గంటల పైనే! పెద్ద ప్యాకులున్నవాళ్లు 15 వాట్లకు తగ్గకుండా డిశ్చార్జ్ ఉన్నదే చూసుకోవాలి.

లేదంటే బల్బు దారి. 3ఎస్‌కు 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒకటి, 6ఎస్‌కు రెండు సిరీస్‌లో కలిపి ఎక్స్‌టీ60 ప్లగ్ తగిలిస్తే 4.5 ఆంప్స్ దాకా లాగుతాయి, అరగంటలో పని అయిపోతుంది. బల్బులు తమంతట తాము ఆగవు. బ్యాలెన్స్ ప్లగ్‌కు చిన్న లో-వోల్టేజ్ బజర్ పెట్టి 3.8 వోల్టుల దగ్గర కూసేలా సెట్ చేయండి. గాజు విపరీతంగా కాలుతుంది కాబట్టి బల్బులను ఫ్లోర్ టైల్ ముక్క మీద పెట్టాలి, ప్యాక్‌ను అడుగు దూరంలో.

కొన్ని డీసీ ఛార్జర్లలో ప్యాక్ నుంచి తీసిన కరెంటును వెనక్కి ఇన్‌పుట్‌లోకే పంపే మోడ్ ఉంటుంది. ఇన్‌పుట్‌లో కారు బ్యాటరీ ఉంటేనే అది వాడాలి. ఎస్‌ఎంపీఎస్‌కు వెనక నుంచి కరెంటు తోస్తే ట్రిప్ అవుతుంది, ఒక్కోసారి కాలిపోతుంది.

6. ప్లగ్గులు

బ్యాలెన్స్ వైపు చాలావరకు జేఎస్‌టీ ఎక్స్‌హెచ్ రకమే కాబట్టి చింత లేదు. లావు వైర్ల వైపు విమానాలకు ఎక్స్‌టీ60, పెద్దవాటికి ఎక్స్‌టీ90, చిన్న డ్రోన్లకు ఎక్స్‌టీ30, కార్లకు టీ ప్లగ్, ఈసీ3, ఈసీ5, పాత నికెల్ ప్యాకులకు తమియా. ట్రాక్సస్ ఐడీ ప్యాకుల్లో బ్యాలెన్స్ వైర్లు కూడా ఆ ఒక్క ప్లగ్గులోనే ఉంటాయి. వేరే ఛార్జర్ మీద పెట్టాలంటే ప్రత్యేక అడాప్టర్ కావాలి.

ఛార్జర్ మీద నేరుగా ఎక్స్‌టీ60 సాకెట్ ఉన్నదానికి నా ఓటు. పాత రకంలో రెండు 4 ఎంఎం బనానా పిన్నులుంటాయి. ఆ వైరును ముందు ప్యాక్‌కు తగిలించారంటే, ఇంకో చివర బోసిగా ఉన్న రెండు పిన్నులు ఒకదానికొకటి తగిలి చిటపటమంటాయి. ముందు ఛార్జర్‌కు, తర్వాత ప్యాక్‌కు. తీసేటప్పుడు ముందు ప్యాక్ దగ్గర.

7. ఒకేసారి నాలుగు ప్యాకులు

రెండు దారులున్నాయి. రెండు లేదా నాలుగు చానెళ్ల ఛార్జర్‌లో ఒక్కో ప్యాక్‌కు సొంత సెట్టింగ్, సొంత కాపలా ఉంటాయి. పారలల్ బోర్డు (ప్యాకులన్నింటినీ కలిపి ఒకే ఛార్జర్‌కు తగిలించే పలక) చవక, కానీ ఛార్జర్ కంటికి అన్నీ కలిసి ఒకే పెద్ద ప్యాక్. 3ఎస్ 2200 మూడు కలిపితే 3ఎస్ 6600. 1సీ అంటే 6.6 ఆంప్స్, 83 వాట్లు. పెట్టె మీది ఆంప్స్ అంకెకు నిజమైన విలువ ఇక్కడే వస్తుంది.

బోర్డు మీద పెట్టేవన్నీ ఒకే రకం, ఒకే సెల్ సంఖ్య అయి ఉండాలి. సెల్ వోల్టేజిల మధ్య తేడా 0.1 దాటకూడదు. ఎందుకో లెక్క చూడండి. నిండు 4ఎస్ 16.8 వోల్టులు, వాడేసిన 4ఎస్ 14.8. తేడా 2 వోల్టులు. రెండు ప్యాకులు, వైర్లు కలిపి నిరోధం 50 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే ప్లగ్ పెట్టిన క్షణం 40 ఆంప్స్ ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దూకుతాయి. 1500 ఎంఏహెచ్ ప్యాక్‌కు అది దాదాపు 27సీ ఛార్జింగ్. ముందు లావు ప్లగ్గులు పెట్టి, కొన్ని నిమిషాలు సర్దుకోనిచ్చి, తర్వాత బ్యాలెన్స్ ప్లగ్గులు పెట్టాలి. తలకిందులు చేస్తే ఆ కరెంటంతా దారంలాంటి బ్యాలెన్స్ వైర్ల గుండా పోయి అవి కరిగిపోతాయి. ఫ్యూజులు లేని బోర్డు ఎంత చవకగా వచ్చినా వద్దు.

8. కొత్త ఛార్జర్‌తో మొదటి రోజు

బీ6 డిజైన్‌కు నకళ్లు లెక్కలేనన్ని. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది వోల్టేజి కొలతలో. ఎక్కడ కొన్నా ఈ పరీక్ష చేయండి.

1. ఉబ్బని, చిన్న 2ఎస్ లేదా 3ఎస్ ప్యాక్ తీసుకోండి. టైల్ మీదో మట్టి మూకుడులోనో పెట్టండి. చుట్టూ పరుపులు, కర్టెన్లు ఉండొద్దు. ఎండలో ఆపిన కారులో అసలే వద్దు.
2. రకం లైపో, సెల్స్ సంఖ్య, 1సీ కరెంటు, బ్యాలెన్స్ మోడ్ పెట్టండి. సెల్స్ సంఖ్య ఛార్జర్ తనంతట కనిపెట్టినా మీ కళ్లతో సరిచూడండి.
3. పూర్తయ్యే వరకు గది వదలొద్దు. ప్యాక్ గోరువెచ్చగా అయితే సరే, వేడిగా తగిలితే ఆపేయండి.
4. అయిపోయాక మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, బ్యాలెన్స్ ప్లగ్‌లో నల్ల వైరు పిన్ను నుంచి మొదలుపెట్టి పక్కపక్క పిన్నుల మధ్య కొలవండి. ప్రోబ్ మొన జారి ఒకేసారి రెండు పిన్నులకు తగలనివ్వకండి.
5. ప్రతి సెల్ 4.18 నుంచి 4.22 మధ్య ఉంటే ఛార్జర్ మంచిదే. చవక మల్టీమీటర్‌లోనే అర శాతం తేడా ఉంటుంది, 4.2 దగ్గర అది 0.02. అందుకని 4.23 కనబడగానే కంగారు పడకుండా ఇంకో మీటర్‌తో కొలవండి. రెండు మీటర్లూ 4.25 చూపిస్తే ఆ ఛార్జర్ వెనక్కి పంపేయండి.
6. సెల్స్ మధ్య తేడా 0.02 దాటితే అదే ప్యాక్ ఇంకోసారి బ్యాలెన్స్ చేయండి. మళ్లీ అదే సెల్ వెనకబడితే తప్పు ప్యాక్‌ది. ప్రతి ప్యాక్‌లోనూ అదే నంబరు సెల్ తేడాగా వస్తే తప్పు ఛార్జర్‌ది.

తెర మీద వచ్చే ఎర్రర్లలో ఎక్కువ భాగం చిన్న కారణాలే. "కనెక్షన్ బ్రేక్" అంటే బ్యాలెన్స్ ప్లగ్ పూర్తిగా దిగలేదు, లేదా లోపల ఒక పిన్ను వెనక్కి జరిగింది. ఛార్జ్ మొదలైన మరుక్షణం "ఇన్‌పుట్ వోల్టేజ్ లో" అని వస్తే సప్లయ్ చాలడం లేదు. కరెంటు సగానికి తగ్గించి చూడండి, నడిస్తే అనుమానం తీరినట్టే. "లో వోల్టేజ్" అంటే ఏదో సెల్ 3.0 కంటే కిందకి పోయింది. నికెల్ మోడ్‌లో కాసేపు పెట్టి "లేపమని" చెప్పే సలహాలు తెగ తిరుగుతుంటాయి. ఆ మోడ్‌కు సెల్స్‌ను విడివిడిగా చూడడం గానీ 4.20 దగ్గర ఆగడం గానీ తెలియదు, దెబ్బతిన్న సెల్‌లోకి గుడ్డిగా కరెంటు తోస్తుంది. అలాంటి ప్యాక్‌ను, ఉబ్బిన ప్యాక్‌ను కూడా, ఇంటి బయట అదే హెడ్‌లైట్ బల్బుకు కలిపి వదిలేయండి. వెలుగు పూర్తిగా పోయి మీటర్ సున్నా దగ్గరికి వచ్చాక వైర్ల చివరలు విడివిడిగా టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్త బండిలో మాత్రం వేయకండి.